చుక్కమ్మ పరుగు బూట్లు

మా ఊరి రైల్వే గేటు పక్కన, ఇప్పుడు ఆటోలు నిలిచే చోట, ఒకప్పుడు జట్కాల స్టాండు ఉండేది. జట్కాలు పోయాయి, తోలేవాళ్ళూ పోయారు. జంతువులు మాత్రం ఇంకొన్నాళ్ళు అక్కడే ఉన్నాయి. ఇది అప్పటి కథ. ఉడికిన ఉలవల వాసన తగిలితే నాకిప్పటికీ ఆ స్టాండే గుర్తొచ్చి గుండె బరువెక్కుతుంది, ఏం చెయ్యను!

ఆ రోజుల్లో లాంచీ అందుకోవడానికి జట్కాలు ఆరు కోసుల దూరంలో ఉన్న గోదావరి రేవుకి పరుగులు పెట్టేవి. ఆ పరుగు మరిచిపోకూడదని జంతువులన్నీ ఏటా ఒకసారి స్టాండు నుంచి రేవు దాకా పరిగెత్తే ఆచారం పెట్టుకున్నాయి. ముసలి గుర్రం చుక్కమ్మ, తారురోడ్డు పడ్డాక గిట్టలు నొప్పెట్టి, ఐదేళ్ళుగా మానేసింది. ఈ ఏడు పట్టుబట్టింది.

"మా అమ్మ పరిగెత్తిన దారి మావా! ఒక్కసారి పరిగెత్తి కళ్ళు మూసుకుంటాను," అంది బండెద్దు బసవయ్యతో.

"పరిగెత్తేటప్పుడు మాత్రం తెరుచుకునే ఉండు తల్లీ," అన్నాడు బసవయ్య. "రోజూ పొద్దున్నే కోసెడు దూరం పోయి కుంటుకుంటూ వస్తున్నావు. గిట్ట చీలిందంటే పరుగు కాదు, నడకే ఉండదు."

సరిగ్గా అప్పుడే గుంటనక్క గురవయ్య బూట్ల అంగడి తెరిచాడు. దూరం పరుగుకి మెత్తటి బూట్లట. చుక్కమ్మ ఆశగా వెళ్ళింది.

"రా అక్కా, నాలుగూ తొడుక్కో. ఆ నాలుగడుగులూ ఇక్కడే వెయ్యి. ఎలా ఉంది?"

"అబ్బ! దున్నిన చేలో నడిచినట్టుందిరా!"

"మరి! వెల అంటావా, నువ్వూ నేనూ పరాయివాళ్ళమా? నీ మెళ్ళో ఆ మువ్వల పట్టెడ ఇచ్చెయ్, చాలు."

చుక్కమ్మ గతుక్కుమంది. అది వాళ్ళమ్మ పట్టెడ. దానికి అమ్మ గుర్తుగా మిగిలింది అదొక్కటే. అయినా పరుగు మీద ఆశ కొద్దీ మెడ వంచింది.

అప్పుడే గుమ్మంలో కాలు పెట్టాడు బసవయ్య. పరిచిన గోనెపట్టా మీద కాలు మెత్తగా దిగింది. బూట్లు లేని తన కాలికీ మెత్తగానే ఉందేమిటి? గిట్టతో నొక్కి చూశాడు. కింద మందంగా కొబ్బరిపీచు! సంగతి అర్థమైంది. పైకి మాత్రం చల్లగా అన్నాడు.

"గురవయ్యా, మా స్టాండులో గుర్రాలకి లాడాలు వేసే మస్తాన్ సాయిబు, లాడం కొట్టగానే కూలి పుచ్చుకునేవాడు కాదు. గుర్రం రోజంతా పనిచేసి కాళ్ళు బరువెక్కాక, సాయంత్రం పూట దానికి మువ్వలు కట్టి, ఈ స్టాండు వెనక కంకర రోడ్డు మీద కల్వర్టు దాకా పంపేవాడు. తను కళ్ళు మూసుకుని వినేవాడు. మువ్వ తడబడిందా, లాడం ఊడదీసి మళ్ళీ కొట్టేవాడు."

"ఎంత నెమ్మదిగా పట్టుకునేవాడో కాలు!" అంది చుక్కమ్మ. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆ కాలం వేరు పెద్దాయనా," అన్నాడు నక్క.

"వేరే. అందుకే నువ్వు పరిగెత్తి చూపించు. నీ కొలత బూట్లు తొడుక్కో. పట్టెడ కూడా వేసుకో, ఎలాగూ నీదయ్యేదేగా! మేం వింటాం."

బూట్లు కొందామని వచ్చిన మేకలు, కుక్కలు "పరిగెత్తు, పరిగెత్తు" అన్నాయి. నక్క కళ్ళు మెరిశాయి. పట్టెడ మెళ్ళో పడ్డాక తిరిగి రావడం ఎందుకు? అటునుంచి అటే ఉడాయించవచ్చు.

సాయంత్రం బూట్లు తొడిగి, పట్టెడ మెడకి రెండు చుట్లు చుట్టుకుని బయల్దేరాడు. ఘల్లు ఘల్లు ఘల్లు. అందరూ చెవులు రిక్కించారు. కాసేపటికి ఘల్లు... ఘల్. ఆ తర్వాత ఒక్క మువ్వ చప్పుడు, చాలాసేపటికి ఇంకొకటి. తర్వాత ఏమీ లేదు.

"కుంటి ఆగిపోయాడు," అంది చుక్కమ్మ.

బసవయ్య తాపీగా నడుచుకుంటూ వెళ్ళేసరికి గురవయ్య కల్వర్టు గట్టు మీద కూలబడి ఉన్నాడు. బూట్ల అడుగున ఉన్న అట్ట చిరిగి, కంకర గుచ్చుకుని, కాళ్ళు నాలుగూ పుళ్ళయ్యాయి. పట్టెడ చుక్కమ్మ మెళ్ళోకి వచ్చేసింది.

అంగడి కింద పీచు తీసి, పాత టైరు అడుగులేసి, బసవయ్య చుక్కమ్మకి బూట్లు కుట్టించాడు. సాయంత్రం పూట కంకర మీద మూడుసార్లు విన్నాకే సరేనన్నాడు. పరుగు రోజున చుక్కమ్మ అందరికన్నా ఆఖరున రేవు చేరింది. నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, "అమ్మా, వచ్చాను," అని ఏడ్చింది. ఆ రోజు అది ఓడిపోయిందని ఎవరూ అనలేదు.

కాళ్ళకి కట్లతో గేటు దగ్గర కూర్చున్న గురవయ్యని బసవయ్య అడిగాడు.

"ఒక్కటి చెప్పరా. పారిపోయేవాడివి బూట్లు విప్పేసి పరిగెత్తితే మాకు దొరికేవాడివా?"

నక్క తల దించుకున్నాడు.

"అందరికీ మెత్తన, మెత్తన అని చెప్పీ చెప్పీ, నేనే నమ్మేశాను మావా!"

నీతి: అబద్ధాన్ని అమ్ముకునేవాడు చివరికి దాన్ని తనే కొనుక్కుంటాడు.