సొట్ట పడ్డ టగ్గు

పేర్రాజుగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పులు వేసుకునేవారు. కూర్చున్నచోట చెప్పే జవాబు మీద ఆయనకు గురి తక్కువ.

కాకినాడ జగన్నాథపురంలో, ఉప్పుటేరుకు దగ్గరగా, ఒక పెంకుటింటి వసారాలో ఆయన నమూనా ఓడలు చేసేవారు. మూరెడు పొడవు లేని పడవలో కూడా చుక్కాని తిరిగేది, లంగరు గొలుసు జారేది. ఏ పెద్ద ఓడనైనా చేయగల చేయి ఆయనది. కానీ ఆయన మనసు మాత్రం టగ్గుల మీదే ఉండేది. కొండంత ఓడలను మోకు కట్టి రేవులోకి లాక్కొచ్చే పొట్టి పడవలు అవి. వాటిలోనూ, పని అయిపోయి ఏటి ఒడ్డున బురదలో వదిలేసిన పాతవాటిని వెతుక్కుంటూ వెళ్లి, గంటల తరబడి చూసి వచ్చి, అప్పుడు చెక్క ముట్టుకునేవారు.

ఆయన శిష్యుల్లో నాగవేణి వడ్రంగుల ఇంటి ఆడపడుచు. నిరుడు ఒక షిప్పింగ్ కంపెనీవాళ్లు, తమ పాత టగ్గు ‘వీరభద్ర’ను పాత ఇనుము కింద అమ్మేస్తూ, దాని నమూనా ఒకటి తమ హాల్లో పెట్టుకోవాలని పేర్రాజుగారిని అడిగారు. ఆయన ఆ పని నాగవేణికి అప్పగించారు. ఆమె పేరు మీద బయటికి వెళ్లే మొదటి పడవ అది. కంపెనీ ఇచ్చిన పటాలు గోడకు అంటించుకుని, వేసవంతా కూర్చుని చేసింది. కుడి ఎడమలకు వెంట్రుక వాసి తేడా లేదు. పేర్రాజుగారు దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, ఏ వంకా పెట్టకుండా బల్ల మీద ఉంచారు.

ఆ ధైర్యంతోనే నాగవేణి అడిగింది. “పటాలు ఉండనే ఉన్నాయి. రేవులో కొత్త టగ్గులు తళతళలాడుతున్నాయి. మరి మీరెందుకండీ ఆ తుప్పు పట్టిన వాటి చుట్టూ తిరుగుతారు?”

పేర్రాజుగారు చెప్పులు వేసుకున్నారు.

ఆటు సమయం. ఏటిలో నీళ్లు తీసేశాయి. ‘వీరభద్ర’ ఒక పక్కకు ఒరిగి బురదలో కూర్చుని ఉంది. ఇన్నాళ్లూ దాని పటం చూసిందే తప్ప నాగవేణి దాన్ని ఇంత దగ్గరగా చూడలేదు. రంగు పొరలు పొరలుగా లేచిపోయింది. చుట్టూ కట్టిన లారీ టైర్లు అరిగి నున్నబడ్డాయి. వెనక ఉన్న కొక్కెం, ఇన్నేళ్లూ మోకు ఒరుసుకుని ఒరుసుకుని, వెండిలా మెరుస్తోంది. ఇంత చిన్న పడవ అంత పని చేసిందా అని ఆమెకు ఆశ్చర్యం వేసింది. అటు తిరిగి వెళ్లి ఎడమ పక్క చూసేసరికి ఆగిపోయింది. ముక్కుకు కాస్త వెనగ్గా, మనిషికైతే భుజం ఉండే చోట, ఇనప రేకు లోపలికి పోయి ఉంది. ఆ సొట్టలో ఒక మనిషి ముడుచుకుని పడుకోవచ్చు.

“ఎక్కడో గుద్దేశారు పాపం,” అంది.

“గుద్దలేదమ్మా. ఆనుకుంది.”

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఆ మాట అన్నాడు. ఆయన మస్తాన్ సరంగు, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ టగ్గును నడిపినవాడు. పేర్రాజుగారు ఆయన పక్కన చతికిలబడ్డారు. నాగవేణి నిలబడే వింది.

“తుపాను రోజు. సరుకు ఓడ ఒకటి లంగరు తెంపుకుని గట్టు మీదికి వచ్చేస్తోంది. గట్టు వారన వేట పడవలు, పడవల్లో జనం. మేం మోకు వేశాం, తెగిపోయింది. ఇంకో మోకు వేసే వ్యవధి లేదు. మధ్యలోకి దూరి దీని భుజం ఓడకి ఆనించి ఇంజను ఎంత లాగితే అంత లాగించాను. రేకు లోపలికి వస్తుంటే ఆ చప్పుడు నా పక్కటెముకల్లో వినబడింది. గాలి తగ్గేదాకా ఇది వెనకడుగు వెయ్యలేదమ్మా.”

“తర్వాత రేకు మార్చలేదా?”

“మారుస్తామన్నారు. నడక బాగానే ఉంది కదా, ఉండనివ్వండి అన్నాను.”

నాగవేణి ఎండకు కాలుతున్న ఆ సొట్ట మీద అరచెయ్యి పెట్టింది. తిరిగి వస్తూ, “నేను ఆ సొట్ట పెడితే కంపెనీవాళ్లు పని చెడిందనుకుంటారేమో,” అంది.

“అనుకోవచ్చు,” అన్నారు పేర్రాజుగారు.

కొన్నాళ్లు ఆమె నమూనా జోలికి పోలేదు. చివరికి ఒక ఉదయం, అంత ముచ్చటపడి అతికించిన చెక్కపట్టీలను ఎడమ పక్క తానే ఊడదీసింది. కొత్త పట్టీలు వేడినీళ్లలో నానబెట్టి, లోపలికి వంచి కూర్చింది. మస్తాన్ సరంగును పిలిపించి చూపించింది. ఆయన బొటనవేలితో తడిమి, “ఇంకొంచెం లోపలికమ్మా,” అన్నాడు. మళ్లీ ఊడదీసింది. రెండోసారి ఆయన పెట్టిన వేలు చాలాసేపు తియ్యలేదు. కండువాతో మొహం తుడుచుకుని వెళ్లిపోయాడు. ఈలోగా ఏటి ఒడ్డున అసలు టగ్గును ముక్కలు కోసి లారీల్లో తీసుకుపోయారు.

కంపెనీ ఆఫీసరు నమూనాను చూసి మురిసిపోయాడు. ఎడమ పక్కకు తిప్పగానే మొహం మారింది. “ఇక్కడ మీ చెయ్యి జారినట్టుందే?”

“లేదండీ,” అంది నాగవేణి. మస్తాన్ సరంగు చెప్పినట్టే చెప్పింది, ఒక్క మాట కలపలేదు.

ఆఫీసరు వంగి ఆ సొట్టను దగ్గరగా చూశాడు. తర్వాత అద్దాల పెట్టె దగ్గరున్న మనిషితో, “ఈ పక్క జనం వైపు పెట్టు,” అన్నాడు.

గురుశిష్యులు రేవు మీదుగా ఇంటికి బయల్దేరారు. అప్పుడే ఎర్రరంగు కొత్త టగ్గు ఒకటి నురగలు చిమ్ముకుంటూ సముద్రం వైపు పోతోంది. పేర్రాజుగారు నడక ఆపి దాన్ని ముచ్చటగా చూస్తూ నిలబడ్డారు.

“అంత బాగుంది కదా. దీన్ని చూసి చేస్తే తప్పేమిటండీ?” అని అడిగింది నాగవేణి.

“తప్పేం లేదమ్మా. అదింకా ఏం చేస్తుందో నాకు తెలీదు, అంతే.”