శూరప్ప కాళ్లకు అంటిన తడి ఇసుక

నల్లమద్ది కోన అనే అడవిలో జింకలు, కుందేళ్లు, ముళ్లపందులు, కొండముచ్చులు కాపురం ఉండేవి. ఆ అడవికి కాపలాదారు శూరప్ప అనే రేచుకుక్క. తెల్లారగానే ఈల వేస్తూ వాగు పొడవునా పరుగెత్తడం అతని పని. దూరంగా ఉన్న కొండలవైపే చూసేవాడు తప్ప, కాళ్ల దగ్గర ఏముందో చూసేవాడు కాదు. ఎవరి గూడు ఎక్కడుందో, ఎవరి పిల్లలకు ఒంట్లో బాగాలేదో అతనికి తెలియదు. అతని ఈల వినబడితే చాలు, జంతువులన్నీ పొదల్లోకి దూరేవి. అదంతా తన మీద గౌరవమే అనుకుని శూరప్ప తెగ మురిసిపోయేవాడు, పాపం.

ఆ ఏడు ఎండలకు వాగు ఎండిపోయింది. జంతువులన్నీ కలిసి వాగు ఇసుకలో చెలమ తవ్వుకున్నాయి. ఊరిన కాసిని నీళ్లు వంతులవారీగా తాగి, ఆవిరి కాకుండా పైన ఆకులు కప్పేవి. శూరప్ప మాత్రం కొండ మీద రాతి దొనలో తన ఒక్కడికే దాచుకున్న నీళ్లు తాగేవాడు. చెలమ ఎక్కడుందో అతనికి ఎవరూ చెప్పలేదు. అతనూ అడగలేదు.

ఒకరోజు పొద్దున చూస్తే చెలమ కూలిపోయి ఉంది. నీళ్లన్నీ ఇసుకపాలయ్యాయి. గోల విని శూరప్ప వచ్చాడు. అక్కడ పడి ఉన్న ఒక ముల్లు అతని కంటబడింది.

"ఇది ముళ్లపంది సూదమ్మ పనే!" అన్నాడు.

సూదమ్మ తన ఇద్దరు పసిపిల్లలతో ముందుకు వచ్చింది. "దొరా, నిన్న సాయంత్రం నా వంతుకు వచ్చి నీళ్లు తాగాను. ముల్లు అప్పుడు రాలి ఉంటుంది. ఒక్క మాట వినండి..."

"నోర్ముయ్! అందరి మాటలూ వింటూ కూర్చుంటే ఇక కాపలా కాసినట్టే! పిల్లల్ని తీసుకుని కొండ అవతలికి పో. మళ్లీ ఈ వాగులో కాలు పెట్టావో, జాగ్రత్త!"

కొండ అవతల చుక్క నీరు లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఇంకో సంగతి కూడా తెలుసు. కూలిన చెలమ అంచున రేచుకుక్క పాదం అచ్చు పడి ఉంది. జింక దాన్ని చూసి, భయపడి, డెక్కతో చెరిపేసింది. కుందేలు చూసి తల దించుకుంది. సూదమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లిపోతుంటే ఒక్కరూ నోరు విప్పలేదు. చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది కానీ, జరిగింది అదే.

తర్వాత జంతువులు మద్దిచెట్టు దగ్గర కొత్త చెలమ తవ్వి ఆకులు కప్పాయి. మర్నాడు పొద్దున అదీ కూలింది.

శూరప్ప రంకెలు వేస్తూ వచ్చాడు. "ఈసారి ఎవడ్రా? చెప్పండి!"

అందరి చూపూ అతని కాళ్ల మీదే ఉంది. శూరప్ప కూడా తన కాళ్లవైపు చూసుకున్నాడు. మోకాళ్లదాకా తడి ఇసుక. దానికి అంటుకున్న మద్ది ఆకులు.

ఇందాక పరుగులో కాలు ఏదో గుంటలో దిగబడిన సంగతి అతనికి గుర్తొచ్చింది. మొదటి చెలమ కూలిన రోజు కూడా అలాగే దిగబడింది. ఆగి చూడలేదు. శూరప్ప చెవులు వాలిపోయాయి. తోక కాళ్ల మధ్యకు పోయింది.

"నేనే," అన్నాడు. "నన్నూ తరిమేయండి. మీకు ముఖం చూపించలేను."

ముసలి కొండముచ్చు అవ్వ చెట్టు దిగి వచ్చింది. "పోవడం తేలికే నాయనా. నువ్వు పోతే ఈ ఇసుక ఎవరు తీస్తారు? సూదమ్మకు ఎవరు జవాబు చెబుతారు? పద, ఆమె దగ్గరికి పోదాం. అచ్చు చూసి కూడా నోరు మూసుకున్నాం కదా, మేమూ సిగ్గుపడాల్సిందే."

అందరూ కలిసి వెళ్లేసరికి, కొండ అవతల బండ నీడలో సూదమ్మ పిల్లలు నాలుక పిడచకట్టి పడి ఉన్నాయి. శూరప్పను చూడగానే సూదమ్మ ముళ్లు నిక్కబొడుచుకున్నాయి.

"తప్పు నాదే సూదమ్మా," అన్నాడు శూరప్ప.

"నాకు ఆరోజే తెలుసు. ఆ అచ్చు నేనూ చూశాను. చెప్పనిచ్చావా?" అంది సూదమ్మ. తర్వాత జింకవైపు తిరిగింది. "నువ్వూ చూశావు. నా పిల్లలు నీ పిల్లలతో ఆడుకోలేదా అక్కా?"

జింక ఏడ్చేసింది.

"నన్ను ఏం చేయమంటావో చెప్పు," అన్నాడు శూరప్ప.

"పిల్లలు నడవలేవు. నీళ్లదాకా నువ్వే మోయాలి. ఇకనుంచి రోజూ ప్రతి గూటి ముందూ ఆగి, బాగోగులు అడగాలి. ఎవరి మీదైనా నేరం మోపేముందు వాళ్ల మాట వినాలి."

శూరప్ప పిల్లల్ని వీపు మీద ఎక్కించుకున్నాడు. అడుగడుగునా ముళ్లు గుచ్చుకున్నాయి. అతను మూలగలేదు. తిన్నగా తన దొన దగ్గరికి తీసుకెళ్లి తాగించాడు. మిగిలిన నీళ్లు అందరినీ పిలిచి పంచాడు. తర్వాత వాగులోకి దిగి చెలమలో ఇసుక తోడాడు. జింక, కుందేలు కూడా అతని పక్కన చేరి తోడాయి.

ఆనాటి నుంచి శూరప్ప పరుగు మానేశాడు. గూడు గూడుకూ నడిచి వెళ్లేవాడు. మెల్లగా జంతువులు దాక్కోవడం మానేశాయి. సూదమ్మ మాత్రం చాలా రోజులు అతనితో మాట్లాడలేదు. అతను రోజూ ఆమె బొరియ ముందు నిలబడి, "బాగున్నావా సూదమ్మా?" అని అడిగి, తల వంచుకుని వెళ్లిపోయేవాడు.

ఒక పొద్దున సూదమ్మ బయటికి వచ్చింది.

"ఆగు," అంది. "ఇవాళ చెలమ నేరేడు చెట్టు కింద తవ్వాం. చూసుకుని నడువు."

శూరప్పకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను నేలను చూసుకుంటూ ఒక్కొక్క అడుగే వేశాడు.

నీతి: అడగకుండా వేసే శిక్ష అమాయకుల మీద పడుతుంది. తప్పు చేసినవాడు, అది చూసి ఊరుకున్నవాడు సిగ్గుపడితే సరిపోదు. నష్టపోయినవారి మాట విని, ఆ నష్టాన్ని తమ చేతులతోనే సరిదిద్దాలి.