కిర్రుమనే నీటిచక్రం

వడ్రంగి గంగులు చేసిన నీటిచక్రం తిరిగేటప్పుడు కిర్రుమనేది. దాన్ని ఎలా చేశాడో అతను ఎవరి దగ్గరా దాచలేదు. చూసి చేసుకున్న ఊళ్లన్నిటికీ నీళ్లతోపాటు ఆ కిర్రు కూడా వెళ్లింది.

గంగులు పోయాక, కోట తోటకు అతను చేసిన చక్రానికి మంత్రి ఇత్తడి మూత బిగించాడు. ఇది ఇక కోట సొత్తు, ఎవరూ లోపలికి చూడకూడదన్నాడు. వేసవిలో అది కాస్తా ఆగిపోయింది. తోట మాడిపోతుంటే రాజు గంగులు భార్య సాయమ్మను పిలిపించాడు.

"బాగుచెయ్యి. మూత మాత్రం తియ్యకు" అన్నాడు మంత్రి, పన్నునొప్పితో వాచిన దవడ పట్టుకుని.

"చిత్తం. ముందు తమరు నోరు తెరవకుండా ఆ పన్ను పీకించుకు రండి."

రాజు పకపకా నవ్వి మూత తీయించాడు.

"అందరూ చూసి చేసేసుకుంటే నీకేం మిగులుతుందే?" ఉక్రోషంగా అడిగాడు మంత్రి.

"ఏ ఊరెళ్లినా ఆ కిర్రు వినపడుద్ది. ఆయన పక్కనే పని చేసుకుంటున్నట్టు ఉంటది. ఈ కోటలోకొచ్చాకే ఆయన లేడని తెలిసింది."

ఇరుసులో ఇరుక్కున్న పుల్లను లాగేసింది. చక్రం కిర్రుమంటూ కదిలింది.

"ఆ చప్పుడు లోపమేగా? అదీ సరిచెయ్యి" అన్నాడు రాజు.

సాయమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"లోపమే, మహాప్రభూ. ఆయన చేతి లోపం. అదొక్కటీ ఉండనియ్యండి."