నలభై యోయోల కొండముచ్చు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త పైడమ్మ. చెక్క బొమ్మలకు లక్క పూస్తూ చెప్పింది. ఆమె ఎలా చెప్పిందో అలాగే చెబుతున్నాను. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు.

అంకుళ్ళ కోన అని ఒక అడవి ఉండేది. అందులో అంకుడు చెట్లు ఎక్కువ. అంకుడు కర్ర మెత్తగా, తెల్లగా ఉంటుంది. ఉలికి ఎదురు చెప్పదు. ఆ అడవిలో ఏనుగు, ఎలుగుబంటి, కొండముచ్చు, దుప్పులు, ఉడుతలు, ముంగిసలు ఉండేవి. ఒక వడ్రంగిపిట్ట కూడా ఉండేది.

ఆ పిట్ట అంకుడు కర్రతో యోయోలు చేసేది. రెండు గుండ్రటి బిళ్ళలు, వాటి నడుమ ఒక పుల్ల. పుల్ల విడిగా తిరగదు. బిళ్ళలకు గట్టిగా బిగించి ఉంటుంది. ఆ పుల్లకు దారాన్ని వదులుగా ఉచ్చు వేసి చుట్టాలి. ముడి వేయకూడదు. ముడి వేసేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకు ఆట రాదని అర్థం.

విసిరితే యోయో దారం చివరికి దిగి, అక్కడే గిరగిర తిరుగుతుంది. దాన్ని నిద్ర అంటారు. వేలిని చిన్నగా ఎగరేస్తే దారం పుల్లను పట్టుకుంటుంది. యోయో పైకి ఎక్కి చేతిలోకి వస్తుంది. దాన్ని మేలుకోవడం అంటారు.

ఎలుగుబంటిని అందరూ ఎలుగవ్వ అనేవారు. అవ్వ దగ్గర ఒకే ఒక్క యోయో ఉండేది. దానికి రంగు లేదు. అంచు అరిగింది. రోజూ పొద్దున్నే చదును బండ మీద నిలబడి ఆడేది. ఆ బండ కిందే అవ్వ గుహ. అడవిలోని పిల్లలన్నీ అక్కడికే వచ్చి నేర్చుకునేవి.

"మణికట్టు తిప్పు. భుజం కాదు. మళ్ళీ విసురు" అనేది అవ్వ.

"చెయ్యి నొప్పి పుడుతోంది అవ్వా!"

"పుట్టనీ. మళ్ళీ విసురు."

కొండముచ్చు దగ్గర నలభై యోయోలు ఉండేవి. ఒక్కో యోయోకు ఒక్కో బుట్ట మేడిపండ్లు ఇచ్చి తెచ్చుకుంది. ఎర్రవి, పచ్చవి, పసుపువి, చారలవి. వాటిని కొమ్మలకు వేలాడదీసింది. చూడటానికి వచ్చినవాళ్ళు 'ఓహో' అనాలి. ఒక్కసారి అంటే చాలదు, రెండుసార్లు అనాలి. అది మాత్రం ఎప్పుడోగాని ఆడేది కాదు.

ఒకనాడు కొండముచ్చు బండ దగ్గరకు వచ్చింది. "అవ్వా, ఈ బండ నాకు కావాలి. నా యోయోలు ఇక్కడ పరిస్తే అడవంతా చూస్తుంది. ఒక్క యోయోకు ఇంత బండ ఎందుకు?" అంది.

"కింద నా ఇల్లు ఉంది" అంది అవ్వ.

"ఇల్లు ఇంకెక్కడైనా చూసుకో."

చోటు కోసం తగవు వస్తే ఆ కోనలో ఒక కట్టుబాటు ఉంది. ఇద్దరూ యోయో ఆడాలి. యోయో నిద్రపోవాలి, మేలుకొని చేతిలోకి రావాలి. ఇద్దరివీ వస్తే, ఎక్కువసేపు నిద్రపోయిన యోయోదే గెలుపు. లెక్క ఏనుగు చూస్తుంది. ఎన్నిసార్లు చెవి ఊపితే అన్ని లెక్క.

"ఎల్లుండి పొద్దున ఆడండి. ఓడినవాళ్ళు చోటు వదలాలి" అంది ఏనుగు.

వానలు ముంచుకొస్తున్నాయి. ఇప్పుడు గుహ పోతే అవ్వకు తల దాచుకునే చోటు లేదు. అవ్వ యోయో పన్నెండు చెవి ఊపులు నిద్రపోతుంది. అంతకు మించి పోదు. ఆ సంగతి కొండముచ్చుకు తెలుసు.

మరునాడు అవ్వ అటుగా వెళుతూ ఆగింది. కొండముచ్చు యోయోల నడిమి పుల్లలకు లక్క పూస్తోంది.

"ఏం చేస్తున్నావు?"

"నున్నగా చేస్తున్నాను అవ్వా. పైన ఆముదం కూడా రాస్తాను. నీది కునుకు తీసి లేచేలోపు నాది ఒక రాత్రి నిద్ర పోతుంది."

"బిళ్ళలకు ఎంత కావాలంటే అంత పూసుకో. పుల్లకు పూయకు. పుల్ల గరుకుగా ఉండాలి. దారానికి పట్టు దొరకాలి."

కొండముచ్చు పళ్ళు బయటపెట్టి నవ్వింది. "ఒక్కటి ఉన్న నువ్వు నలభై ఉన్న నాకు చెబుతావా? ఓడిపోతానని భయమా?"

"ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పే అలవాటు నాకు లేదు" అంటూ అవ్వ వెళ్ళిపోయింది.

కొండముచ్చు నలభై పుల్లలకూ లక్క పూసింది. నలభైకీ ఆముదం రాసింది. మెరుపు మీద దారం గీత పడుతుందేమోనని ఒక్కదాన్ని కూడా విసిరి చూడలేదు.

పందెం రోజు అడవంతా వచ్చింది. ముందు కొండముచ్చు తన ఎర్ర యోయోను విసిరింది. అది కిందికి దిగి, చప్పుడు లేకుండా తిరిగింది. ఏనుగు చెవులు ఊపింది. పది. ఇరవై. ముప్పై.

"ఓహో!" అన్నాయి దుప్పులు. "ఓహో!" అన్నాయి మళ్ళీ.

"చాలు, ఇక లేపు" అంది ఏనుగు.

కొండముచ్చు వేలు ఎగరేసింది. యోయో లేవలేదు. చెయ్యి ఎగరేసింది. లేవలేదు. తానే ఎగిరి దూకింది. దారం నున్నటి పుల్ల మీద జారుతూనే ఉంది. యోయో నెమ్మదిగా తిరగడం ఆపి, చచ్చిన బల్లిలా వేలాడింది.

"దారం మంచిది కాదు!" అంది కొండముచ్చు.

"నలభై ఉన్నాయిగా, ఇంకోటి విసురు. నాకు తొందర లేదు" అంది అవ్వ.

పచ్చది విసిరింది. పసుపుది విసిరింది. చారలది విసిరింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నలభై యోయోలూ కింద వేలాడాయి. ఒక్కటీ చేతికి రాలేదు. ఉడుతలు నవ్వీ నవ్వీ కొమ్మల మీంచి జారిపడ్డాయి.

తరువాత అవ్వ బండ ఎక్కింది. దారం మెలిక సరిచూసుకుంది. విసిరింది. ఏనుగు చెవులు ఊపింది. పది. పదకొండు. పన్నెండు. అవ్వ వేలు కదిలినట్టే కనిపించలేదు. యోయో జర్రున ఎక్కి టప్పున అరచేతిలో పడింది.

"చేతికి రాని నిద్రకు లెక్క లేదు. బండ ఎలుగవ్వదే" అంది ఏనుగు.

మూడు రోజుల తరువాత వాన మొదలైంది. కొండముచ్చు తడుస్తూ గుహ ముందుకు వచ్చింది.

"అవ్వా, వీటిని బాగుచేసే దారి లేదా?"

"ఉంది. గరుకు తాడుకు ఇసుక అద్ది పుల్ల మీద లాగు. లక్క పోవాలి, కర్ర పోకూడదు. అయినవి తెచ్చి నాకు చూపించు."

మొదటి రోజు కొండముచ్చు ఐదు తెచ్చింది. అవ్వ ఐదూ విసిరి చూసి, నాలుగు వెనక్కి ఇచ్చింది. "ఇవి మేలుకోలేదు. మళ్ళీ రుద్దు."

వానాకాలమంతా కొండముచ్చు గుహ బయట కూర్చుని పుల్లలు రుద్దింది. లోపలికి రమ్మని అవ్వ పిలవలేదు. పిలవాల్సిన పని కూడా లేదు.

నీతి: వస్తువులు కూడబెట్టినంత మాత్రాన వాటి పని తెలిసినట్టు కాదు. పని తెలిసినవారు ఒకసారి చెప్పినప్పుడే వినాలి.

మా బడి గోడ మీద ఈ కథకు బొమ్మ వేసి, కొండముచ్చును బండ మీద నిలబెట్టి, కింద 'గెలిచిన కొండముచ్చు' అని రాశారు. కూడబలుక్కుని చదివినా తప్పు తప్పే. నాలుగేళ్ళుగా చెబుతున్నాను, వేసినవాడు దిద్దలేదు. గెలిచింది ఎలుగవ్వ. కుంచె పట్టడం వచ్చినవారు ఎవరైనా వచ్చి ఆ బొమ్మా, పేరూ సరిచేయండి.