మూడేళ్ళ దానిమ్మ

సింహాద్రికి ఆ ఉద్యోగం ఎలాగైనా రావాలి. పట్నంలో పెద్ద ఆయుర్వేద ఆసుపత్రి. అక్కడ చెయ్యి తిరిగితే, వైద్యుడి ముఖం ఎరగని తన కొండ ఊళ్ళో సొంతంగా వైద్యం పెట్టుకోవచ్చు. చిక్కల్లా ఒక్కటే. ముందుముందు ఏం చేద్దామనుకుంటున్నావని ఇంటర్వ్యూలో తప్పక అడుగుతారట. మూడేళ్ళకే వెళ్ళిపోతానంటే ఎవరు తీసుకుంటారు?

"జన్మంతా ఇక్కడే ఉంటానని చెప్పెయ్. నోటిమాటేగా, పోయేదేముంది?" అన్నారు తోటి శిష్యులు.

రేపు ప్రయాణమనగా గురువుగారి దగ్గరికెళ్ళి గోడు వెళ్ళబోసుకున్నాడు. ఆశ్రమం నడిపే నిగమానందస్వామి ఎనభై ఏళ్ళ వైద్యుడు. మందుల దగ్గర ఎంత ధారాళమో మాటల దగ్గర అంత పిసినారి. అంతా విని, నీళ్ళబిందె చేతికిచ్చారు.

"చిదంబరం ఉసిరికి నీళ్ళు పొయ్."

ఆ ఆశ్రమంలో ఓ పద్ధతుంది. వైద్యం నేర్చుకోవడానికి వచ్చినవాణ్ణి స్వామి మొదటిరోజే "ఎన్నాళ్ళుంటావు?" అని అడుగుతారు. జవాబును బట్టి ఓ మొక్క ఇచ్చి నాటిస్తారు. ఎవరి మొక్కకు వాళ్ళే నీళ్ళు పోసుకోవాలి. చిదంబరం "మీ పాదాల దగ్గరే ఉండిపోతాను స్వామీ" అన్నాడు. వాడికి ఏళ్ళ తరబడి నిలిచే ఉసిరి ఇచ్చారు. అదే రోజు వచ్చిన సింహాద్రి "మూడేళ్ళు" అని గొణిగాడు. వాడికి మూడో ఏటికి కాపుకొచ్చే దానిమ్మ ఇచ్చారు. నిజం చెప్పినందుకు చిన్న మొక్కే దక్కిందని సింహాద్రి మనసు అప్పట్లో చివుక్కుమంది కూడా. ఎనిమిదో నెలలో ఊరెళ్ళిన చిదంబరం మళ్ళీ రాలేదు.

ఉసిరి ఉన్నది మిట్ట మీద, బావి ఉన్నది పల్లంలో. మూడో బిందెకే సింహాద్రి నడుం పట్టేసింది.

"రోజూ దీనికి ఎవరు పోస్తున్నారు స్వామీ?"

"నేనే."

పొద్దున్నే ఆ పాదు తడిసి ఉండటం సింహాద్రి రోజూ చూస్తూనే ఉన్నాడు. తడిపిందెవరని ఒక్కనాడూ అడగలేదు. ఇప్పుడు సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"మాట ఇచ్చింది వాడు కదా స్వామీ."

"నమ్మింది నేను కదా నాయనా."

తిరిగొస్తుంటే దారిలో సింహాద్రి దానిమ్మ ఆ ఏడు తొలికాపుతో వంగి ఉంది. స్వామి ఒక పండు కోసి వాడి చేతిలో పెట్టారు.

ఇంటర్వ్యూలో పెద్ద డాక్టరమ్మ అడగనే అడిగింది.

"మూడేళ్ళుంటానండీ. తర్వాత మా ఊళ్ళో వైద్యం పెట్టుకుంటాను. ఉన్నన్నాళ్ళూ మాత్రం నా పని ఇంకొకరు చెయ్యక్కర్లేదు," అన్నాడు సింహాద్రి.

ఆవిడ వాడి కాగితాలు తిరగేసింది.

"అయితే వెళ్ళేలోగా ఇద్దరికి పని నేర్పి వెళ్ళు. సోమవారం వచ్చి చేరు," అంది.

సింహాద్రి బస్సు దిగి పరుగులాంటి నడకతో ఆశ్రమం చేరాడు. స్వామి మొక్కల మధ్య కూర్చుని కలుపు తీస్తున్నారు. ఉద్యోగం వచ్చిందా అని ఆయన అడగలేదు.

"ఏం చెప్పావు?"

"మూడేళ్ళన్నాను స్వామీ."

ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచి, లోపల్నుంచి ఓ దానిమ్మ అంటు తెచ్చి ఇచ్చారు.

"ఆసుపత్రి పెరట్లో నాటు. కాయలు వాళ్ళని కోసుకోనీ."

ఎలాంటి గురువు దొరికాడు తనకు, అనుకున్నాడు సింహాద్రి. అంటును నీడన పెట్టి, ఉసిరికి నీళ్ళు పొయ్యడానికి బిందె తీసుకుని బావివైపు నడిచాడు.