తప్పుకి ఒక శబ్దం

"మస్తానమ్మ గారు వారం రోజులుగా టైపింగ్ క్లాసుకి రావడం లేదు మాస్టారూ. నా ప్రోగ్రాంలో లోపమైతే ఏమీ లేదు," అన్నాడు ఫణీంద్ర.

దేవదానం మాస్టారికి పుట్టుకతోనే చూపు లేదు. అంధుల శిక్షణ కేంద్రంలో సంగీతం చెబుతారు. ఫణీంద్ర చిన్నప్పుడు ఆయన దగ్గరే పాట నేర్చుకున్నాడు. ఇప్పుడు అక్కడివాళ్ళకి కంప్యూటర్‌లో టైపింగ్ నేర్పే ప్రోగ్రాం రాశాడు. తప్పు అక్షరం కొడితే అది గదంతా వినపడేలా 'బర్ర్'మని అరుస్తుంది. ఆ అరుపంటే అతనికి మహా గర్వం. పనితనం ఉన్నవాడే, కాదనను. కాకపోతే అది రాసినప్పుడు గదిలో అతనొక్కడే ఉన్నాడు.

మస్తానమ్మకి నలభై దాటాయి. రెండేళ్ళ కిందట జబ్బు చేసి చూపు పోయింది. నెలలోగా టైపింగ్ పరీక్ష గట్టెక్కకపోతే ఉన్న ఉద్యోగం ఊడుతుంది.

"తప్పు చేస్తే తెలియాలిగా మాస్టారూ?"

సాయంత్రం మాస్టారు అందరినీ కూర్చోబెట్టి, "ఒక పాట పాడరా," అన్నారు. పక్కనే ఉన్న హార్మోనియం ముట్టుకోలేదు. వంటగది నుంచి స్టీలు పళ్ళెం, గరిటె తెప్పించుకున్నారు.

ఫణీంద్ర ఎత్తుకున్నాడు. చరణంలో ఒక స్వరం జారింది.

ఠంగ్!

ఎవరో కిసుక్కున నవ్వారు. మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఆ చోటికి రాకముందే గొంతు వణికింది. ఠంగ్! మూడోసారి పాటే మరిచిపోయాడు. ఇరవై ఏళ్ళుగా పాడుతున్న పాట! సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

అప్పుడు మాస్టారు హార్మోనియం దగ్గరికి లాక్కున్నారు. తప్పిన చోట పలకాల్సిన స్వరాన్ని, పక్కనున్న అతనికి మాత్రమే అందేంత మెల్లగా నొక్కి పట్టుకున్నారు. ఫణీంద్ర గొంతు వెతుక్కుంటూ వెళ్ళి దాన్ని చేరుకుంది.

"చిన్నప్పుడు నా దగ్గర లక్ష తప్పులు పాడావురా," అన్నారు మాస్టారు. "ఒక్కటైనా పక్కవాడికి తెలిసిందా?"

ఫణీంద్ర మూడు రోజులు కూర్చుని ప్రోగ్రాం మార్చాడు. నాలుగో రోజు ఒక ఇయర్‌ఫోన్ జేబులో వేసుకుని మస్తానమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె లోపలికి రమ్మనలేదు.

"ఇప్పుడు తప్పు కొడితే ఏమంటుంది బాబూ?"

"కొట్టాల్సిన అక్షరమేదో మెల్లగా మీ చెవిలో చెబుతుందమ్మా."

"పక్కవాళ్ళకి?"

"వినపడదు."

ఆమె గుమ్మం వదిలి గోడ వైపు తిరిగి, చేతికర్ర కోసం తడిమింది.