పాము అనుమతి

లంచం ఇవ్వలేదని మంత్రి తన గుడిసె పీకించాడని, పాములు పట్టే పెంచలయ్య లంచాల విచారణ కచేరీలో ఫిర్యాదు ఇచ్చాడు. మూడేళ్లు తిరిగాడు. అధికారిది ఎప్పుడూ ఒకటే మాట: "మంత్రిగారి మీద విచారణకి మంత్రిగారే అనుమతివ్వాలి. ఇంకా ఇవ్వలేదయ్యా."

ఒకరోజు మంత్రి పడకగదిలో నాగుపాము దూరింది. పిలిపిస్తే పెంచలయ్య వచ్చి గుమ్మంలో చతికిలబడ్డాడు.

మంచమెక్కి నిలబడ్డ మంత్రి, "కూర్చున్నావేంరా? పట్టు" అన్నాడు.

"అనుమతి రావాలి దొరా."

"ఇచ్చానుగా."

"మీది కాదు, పాముది. మన రాజ్యంలో పద్ధతి అదే కదా."

పాము మంచంకోడు చుట్టుకుంది. మంత్రి కిటికీలోంచి కాగితం తెప్పించుకుని తన మీద విచారణకి అనుమతి రాసిచ్చాడు.

పామును బుట్టలో వేసుకుని పెంచలయ్య కచేరీకి వెళ్లాడు. అధికారి కాగితం చదివి, "ఈ సంతకం తనదేనని మంత్రిగారు మళ్లీ రాసివ్వాలయ్యా" అన్నాడు.

పెంచలయ్య నిట్టూర్చి, బుట్టకి కట్టిన తాడు విప్పసాగాడు.